బండ మీద గీసిన ప్రపంచం

మా ఇంటి ముందర బండ మీద ప్రపంచాన్ని గీసింది మా జాగ్రఫీ సారే. ఎక్కడికి పోయినా ఆయన చొక్కా జేబులో ఒక సుద్దముక్క ఉండేది. ఆ రోజు మా కోసిగిలో ఎండ మండిపోతోంది. ఇంటర్ ఫలితాలు అప్పుడే వచ్చాయి. మా అమ్మా నాయినా గుంటూరు దిక్కు మిరపకాయల సుగ్గి ముగించుకుని ఊరు చేరిన కొత్త. సుగ్గి అంటే మా వైపు కోతల పని కోసం ఊరు వదిలిపోవడం. పంటలు ఎండిన ఏడాది మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి, వాకిళ్ళకు అడ్డంగా కంపలు పడతాయి. ఎండాకాలంలో మళ్ళీ మనుషుల ముఖాలు కనిపిస్తాయి. కాలేజీల వాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. సరిగ్గా అప్పుడే దిగుతారు.

తెలియనివాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు. మా వైపు ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పే సార్లే ఎండాకాలం ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగుచేసుకోవాలి. ఫలానా ఇంట్లో ఇంటర్ పాసైన పిల్ల ఉందని అంగడి దగ్గర కనుక్కుని మరీ వస్తారు. ఒకాయన కంప్యూటర్లంటాడు. ఒకాయన బస్సు పాసు అంటాడు. ఇంకొకాయన హాస్టల్లో రోజూ కోడిగుడ్డు అని, అదేదో వరమైనట్టు చెప్తాడు. మా నాయిన అందరికీ మంచినీళ్ళిచ్చి, ఆలోచిస్తామని సాగనంపాడు. ఆలోచించడం అంటే మా ఇంట్లో వద్దనడమే.

చివర్లో ఈయన వచ్చాడు. ఆదోనిలో ఒక కాలేజీలో జాగ్రఫీ చెప్పే లెక్చరరు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. "ఏమప్పా, బాగుండారా" అంటూ ఎప్పటినుంచో ఎరిగినవాడిలా వాకిట్లోకి వచ్చాడు. మంచం వాల్చబోతే వద్దని బండ మీదే చతికిలబడ్డాడు. అక్కడే మా నాయిన సగం పడిపోయాడు. కాలేజీ ఊసే ఎత్తలేదు సార్.

"ఈ తూరి సుగ్గికి యాడికి పోయింటిరప్పా?"

నాయిన ఊరి పేరు చెప్పాడు.

"ఆడ నేల ఎట్లుంది, ఈడ ఎట్లుంది?"

"ఆడ కాలవలు సార్. యాడ సూసినా పచ్చగుంటాది. ఈడ ఏముంది? మనం సేసుకున్న పాపం" అన్నాడు నాయిన. మా ఇంట్లో వాన మాట ఎప్పుడొచ్చినా ఈ పాపం దగ్గరికి వచ్చి ఆగిపోయేది. మా అవ్వ అయితే, ఏ జన్మలో ఎవరి నీళ్ళకుండ పగలగొట్టామో అని నిట్టూర్చేది.

"పాపం కాదప్పా, కొండలు" అని సార్ సుద్దముక్క తీశాడు.

ఆ గీయడం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. సుద్దముక్కను పడుకోబెట్టి పట్టుకుని, ఆఫ్రికా పొట్ట దగ్గర మొదలుపెట్టాడు. అక్కడి నుంచి కిందికి, మళ్ళీ పైకి, ఐరోపా చుట్టి, ఆసియా మీదుగా మన దేశాన్ని వేలాడదీసి, అవతలికి వెళ్ళి అమెరికాలు రెండూ దించి, మూలన ఆస్ట్రేలియా పెట్టాడు. చెరిపింది లేదు, ఆలోచించింది లేదు. వీధిలో వాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. మన దేశం నడుమ ఒక చుక్క పెట్టి "ఇదీ కోసిగి" అన్నాడు. మా ఊరు ప్రపంచంలో ఉందని ఎవరైనా మాకు చెప్పడం అదే మొదటిసారి.

తర్వాత మా నాయిన ముఖంలోకి చూసి నెమ్మదిగా అన్నాడు: "చూడప్పా, ఇంత ప్రపంచం ఉంది. ఇందులో నీ బిడ్డకు ఇంత చోటు దొరకదా?"

నాయిన ఆ చుక్క వైపే వంగి చూశాడు. నేనే తెలివి చూపిద్దామని, "కింద మంచు ఖండం వదిలేసినారు సార్" అన్నాను. ఆయన నవ్వాడు. "ఆడ మనుషులు లేరు తల్లీ. మనకేం పని?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మరి కొండలకూ వానకూ ఏమిటి సంబంధం అని అడిగితే, "అది ఇప్పుడే చెప్తే ఎట్ల? కాలేజీకి రా, చెప్తా" అన్నాడు. నా టీసీ, మార్కుల మెమోలు నాయిన ఆ రోజే తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున అమ్మ వాకిలి చిమ్మి నీళ్ళు చల్లింది, ఆ పటం మీద చుక్క నీరు పడకుండా. ముగ్గు కూడా పక్కకు జరిపి వేసింది. ఆ తర్వాత రోజూ అంతే. మొదటి వాన పడేదాకా మా బండ మీద ప్రపంచం అట్లాగే ఉంది. మా ఊళ్ళో మొదటి వాన ఎప్పుడు పడిందని మాత్రం అడగకండి.

ఆదోనిలో మా తరగతి మెట్ల పక్కన చిన్న గది. విరిగిన బెంచీలు కూడా అక్కడే పడేసేవాళ్ళు. గ్రూపులో ఉన్నదే గుప్పెడుమంది. గోడకు ఒక ప్రపంచ పటం ఉండేది. పసిఫిక్ మహాసముద్రం మడత దగ్గర చిరిగి వేలాడుతుంటే నేనే అన్నం మెతుకులతో అతికించాను. మిగతా గ్రూపుల పిల్లలు మమ్మల్ని చూసి, "ఏం చదువుతారే, ఊళ్ళ పేర్లా? దానికి బస్టాండులో కూచుంటే సాలదా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. చేస్తే చేసుకోనీ. ఆ గదిలో నాకు కలిగిన సంతోషం వాళ్ళకు దొరకలేదని నా గట్టి నమ్మకం.

సార్ పాఠం బాగా చెప్పేవాడు. ఈ మాట రాయడానికి ఇప్పుడు నా చెయ్యి రావడం లేదు, కానీ అబద్ధం రాయలేను. అక్షాంశాలు చెప్పిన రోజు, మా అడ్డగీత మీదే వేలు జరుపుకుంటూ పొమ్మన్నాడు. జరుపుకుంటూ పోతే అరేబియా దాటి సూడాన్‌లో ఖార్టూమ్ పక్కకు చేరాను. "ఆ ఊరోళ్ళకూ మీ ఊరోళ్ళకూ నడినెత్తిన ఎండ దాదాపు ఒకే రోజుల్లో పడతాది" అన్నాడు. సముద్రాల్లో వేడినీళ్ళ ప్రవాహాలు, చన్నీళ్ళ ప్రవాహాలు ఎట్లా తిరుగుతాయో చెప్పాడు. సముద్రం ఒడ్డునే ఎడారులు ఎందుకు ఉంటాయో చెప్పాడు. కడలి పక్కనే ఉండి కూడా వాన లేని ఊళ్ళున్నాయని విని నాకు ఆశ్చర్యమూ, ఎందుకో కొంచెం ధైర్యమూ కలిగాయి.

చలికాలం మొదట్లో ఆ పాఠం వచ్చింది. అరేబియా సముద్రం మీది నుంచి నీళ్ళు మోసుకుని వచ్చే గాలి పడమటి కనుమలకు కొట్టుకుని పైకెక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడి, మోసుకొచ్చిందంతా అక్కడే కురిసేస్తుంది. కొండ దాటి ఇవతలికి దిగేసరికి గాలిలో తడి తగ్గిపోతుంది, దిగేకొద్దీ గాలి వేడెక్కుతుంది. బళ్ళారి, ఆదోని, కోసిగి అన్నీ ఆ కొండల చాటున ఉన్నాయి. దీన్ని వర్షచ్ఛాయ అంటారు. సార్ ఇంత మాత్రమే చెప్పి బోర్డు తుడిచేశాడు. నేను మాత్రం తల వంచుకుని ఏడ్చేశాను. ఎందుకని అడిగితే తలనొప్పి అన్నాను.

మధ్యాహ్నం నాయినకు ఫోన్ చేశాను. అప్పటికే అమ్మా ఆయనా సుగ్గిలో ఉన్నారు. మిరప చేలో అన్నం తినే వేళ.

"నాయినా, మనకు వాన రాకపోయేది మన పాపం కాదంట. కొండలు అడ్డముండాయంట."

"అయితే ఎవురి పాపమూ కాదా?" అన్నాడు.

"ఎవురిదీ కాదు."

"మీయమ్మకు సెప్తాలే" అని పెట్టేశాడు.

అప్పటినుంచి నాకు జాగ్రఫీ పిచ్చి పట్టింది. దక్షిణ అమెరికాలో అండీస్ కొండలకు పడమర అడవులు, తూర్పున పటగోనియా. అక్కడా కొండచాటే. గాలి, దుమ్ము, గొర్రెలు. పుస్తకంలో ఆ బొమ్మ చూస్తే మాకు అక్కడ చుట్టాలున్నట్టే అనిపించింది. హాస్టల్లో అందరికీ ఈ సంగతి చెప్పి విసిగించాను. చివరికి నాకు పటగోనియా అని పేరు పెట్టి, "ఏయ్ పటగోనియా, బకెట్టు వదులు" అని స్నానాల దగ్గర అరిచేవాళ్ళు. నాకు కోపం రాలేదు. ఆ పేరు నాకు నచ్చింది.

ఒక రోజు తరగతి అయిపోయాక సార్‌తో చెప్పాను, నేను కూడా జాగ్రఫీ లెక్చరరు అవుతానని. వాన రాకపోవడం ఎవరి పాపమూ కాదని ఇంకో వందమందికి చెప్పాలని నా మనసులో ఉంది, అది పైకి చెప్పలేదు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "మూడేండ్లూ నేనే చెప్తా. పీజీ ఎంట్రన్సు నేనే రాయిస్తా. నా తర్వాత ఈ సుద్దముక్క నీదే" అన్నాడు. అడిగి చెప్పించుకున్న మాట కాదు అది. ఆయనే అన్నాడు. ఆ రోజు హాస్టల్‌కు నడుస్తుంటే కాళ్ళు నేల మీద లేవు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. పరీక్షలు అయిపోయాయి. కొత్త పిల్లల కోసం ఊళ్ళు తిరగడానికి నన్ను కూడా రమ్మన్నాడు సార్. "నేను చెప్తే సారు కదా అని సగమే నమ్ముతారు. నిన్ను చూస్తే పూర్తిగా నమ్ముతారు" అన్నాడు. గర్వపడ్డాను. ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని పోయాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఒక బస్సు, అక్కడి నుంచి గోనెగండ్లకు ఇంకొకటి. ఎమ్మిగనూరు బస్టాండులో నాకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ ఇప్పించాడు. తాను మాత్రం తినలేదు. ఆకలి లేదన్నాడు.

గోనెగండ్లలో మేము పోయిన ఇల్లు మా ఇంటి లాంటిదే. రేకుల కప్పు, ముందర నాలుగు బండలు, గోడ మీది క్యాలెండరులో మాత్రం సిలువ. కూలి పనికి పోయే మనుషులు. వాళ్ళ కూతురు ఇంటర్ పాసైంది. ఆ పిల్ల తలుపు చాటున నిలబడి, ముందు నా చెప్పులు చూసి, తర్వాత నా ముఖం చూసింది. వాళ్ళ నాయిన మాత్రం ఎవరినీ నమ్మే మనిషి కాదు. చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"నన్ను అడగొద్దప్పా. ఈ పాపను అడుగు. మీ పాప లాంటిదే, కోసిగి పిల్ల" అని సార్ సుద్దముక్క నా చేతికిచ్చాడు.

నేను బండ మీద కూర్చున్నాను. ఆఫ్రికా పొట్ట దగ్గర మొదలుపెట్టాను. ఏడాదంతా ఆయన చెయ్యి చూసి చూసి, నా చెయ్యి దానంతట అదే పోయింది. కింద మంచు ఖండం వదిలేశాను. గోనెగండ్లకు చుక్క పెట్టాను. తలుపు చాటు పిల్ల బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. మనకు వాన ఎందుకు రాదో తెలుసునా అని అడిగాను. "మా నాయిన పాపమంటాడు" అంది. చెప్పబోయాను. సార్ నవ్వుతూ, "అంతా ఈడనే చెప్పేస్తే కాలేజీకి ఏంటికొస్తాది? చేరినాక చెప్పు" అన్నాడు. నేనూ నవ్వి, "సేరినాక సెప్తాలే" అన్నాను.

అప్పుడు ఆయన ఆ పిల్ల నాయిన ముఖంలోకి చూసి, నెమ్మదిగా, సరిగ్గా అదే గొంతుతో అన్నాడు: "చూడప్పా, ఇంత ప్రపంచం ఉంది. ఇందులో నీ బిడ్డకు ఇంత చోటు దొరకదా?"

నాకు లోపల చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆ మాట మా నాయిన కోసమే పుట్టిందని అనుకుంటూ వచ్చాను ఏడాదిగా. మంచి మాట ఇంకో ఇంట్లో చెబితే తప్పేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ మనిషి సార్ వైపు చూడలేదు. నా వైపే చాలాసేపు చూశాడు. లోపలికి పోయి సర్టిఫికెట్ల కవరు తెచ్చాడు. సార్ చెయ్యి చాపి ఉన్నా, దాన్ని నా చేతిలో పెట్టాడు. నేను సార్‌కిచ్చాను. తిరుగు బస్సులో సార్ ఆదోని దాకా కిటికీ వైపు ముఖం తిప్పుకునే కూర్చున్నాడు. ఎండకు అలసిపోయాడని అనుకున్నాను. పాపం అని కూడా అనుకున్నాను!

కాలేజీ తెరిచిన రోజు మెట్ల పక్క గదిలో పటం లేదు. గోడకు మేకు మాత్రం మిగిలింది. లోపల కంప్యూటర్ల ఖాళీ అట్టపెట్టెలు పేర్చారు. సార్ ఇంకా రాలేదేమో అనుకుంటూ వరండాలో నిలబడ్డాను. అంతలో గోనెగండ్ల పిల్ల కొత్త సంచి తగిలించుకుని మెట్లెక్కి వచ్చింది. నన్ను చూడగానే దాని ముఖం విప్పారింది.

"అక్కా, జాగ్రఫీ గది యాడుంది?"

ఇదేనని వేలు చూపించాను. ఆ అట్టపెట్టెలు చూసి గది సర్దుతున్నారని అనుకుంది పిచ్చిది. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఆఫీసు అటెండరు మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. చెప్పాలా వద్దా అని కాసేపు నసిగి, చివరికి చెప్పాడు. "ఆ సారు పోయినాడమ్మా. కర్నూలు పక్క వేరే కాలేజీలో కుదిరినాడు. ఉగాది ముందరే మాటైపోయింది. ఈ యేడు జాగ్రఫీ తీసేస్తాండారని కూడా ఆయనకు అప్పుడే సెప్పినారు. ఆయన ఒరిజినల్ సర్టిఫికెట్లు మన ఆఫీసు బీరువాలో ఉండ్లా? కొత్త పిల్లల్ని తెచ్చి సేర్పిస్తేనే ఇస్తామని కూచున్నారు పైవాళ్ళు. తెచ్చినాడు, తీసుకున్నాడు, పోయినాడు."

నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. చేరేటప్పుడు లెక్చరర్ల సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం ఈ కాలేజీల అలవాటు, మధ్యలో వదిలి పోకుండా. ఆ బీరువాలో నుంచి తనవి బయటికి తీసుకోవడానికి ఆయన ఊరూరూ తిరిగి మాలాంటి పిల్లలవి తెచ్చి అందులో పెట్టాడు. ఉగ్గాని ఇప్పించిన రోజు ఆయనకు తెలుసు. సుద్దముక్క నా చేతికిచ్చినప్పుడు తెలుసు. "చేరినాక చెప్పు" అని నవ్వినప్పుడు కూడా తెలుసు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో అంతవరకూ మాటగానే విన్నాను. మనుషులు లేని చోటుతో మనకేం పని అన్నాడు కదా మొదటి రోజే. గుప్పెడు మంది ఉన్న మా గది ఆయన పటంలో ఎప్పుడూ లేదు.

ఫోన్ చేశాను. సార్ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. తర్వాత మోగడం కూడా మానేసింది.

ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడాడు. కొత్తగా చేరినవాళ్ళను కంప్యూటర్ల గ్రూపులో వేశామన్నాడు. నాలాంటి పాతవాళ్ళు హిస్టరీకి మారొచ్చు, లేదా జాగ్రఫీ సొంతంగా చదివి పరీక్ష రాసుకోవచ్చు అన్నాడు. ప్రాక్టికల్స్ ఎవరు చేయిస్తారు సార్ అంటే, అందుకే కదమ్మా మారమంటున్నది అన్నాడు. ఇంకో కాలేజీకి పోతానన్నాను. ఆ చుట్టుపక్కల జాగ్రఫీ ఉన్న కాలేజీ ఏదీ నాకు దొరకలేదు. కర్నూలు పంపించే స్తోమత మా ఇంట్లో లేదు. హిస్టరీకి మారాను. ఈ రోజుకీ నా డిగ్రీ మీద జాగ్రఫీ అన్న మాట లేదు. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాను. జాగ్రఫీ పాఠాలు వచ్చినప్పుడు నా గొంతు పెరుగుతుందని పిల్లలు నవ్వుతారు.

గోనెగండ్ల పిల్ల ఆ రోజు వరండాలో అటెండరు మాటలన్నీ విన్నది. వింటూ వింటూ నా పక్క నుంచి కొంచెం కొంచెంగా జరిగింది. తర్వాత మాట్లాడడం మానేసింది. ఎదురుపడితే తల తిప్పుకునేది. ఆ అక్క కూడా వాళ్ళ మనిషే అని హాస్టల్లో చెప్పిందట. కంప్యూటర్ల పాఠాలు దానికి ఒక్క ముక్క ఎక్కలేదు. కొన్నాళ్ళకు కనిపించడం మానేసింది. చేలో కలుపు తీతకు పోతోందని తెలిసింది. కాదు, నేను వాళ్ళ మనిషిని కాదు అని అరవాలనిపించేది. ఎవరి ముందు అరవాలి?

ఆ యేడే శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి అమ్మా నాయినలతో పోయాను. బస్సులన్నీ జనమే. గుడి బయట, కొబ్బరికాయల అంగడి పక్కన ఆయన కనిపించాడు. పక్కన భార్య, ఆమె చంకలో అప్పుడే గుండు చేయించి గంధం పూసిన పసిబిడ్డ. నాకంటే ముందు మా నాయిన చూశాడు. చూసి రెండు చేతులూ జోడించాడు! "బాగుండారా సార్" అని తన చేతిలో ఉన్న ప్రసాదం ఆయనకు పెట్టాడు.

"మీకు ముందే తెలుసు కదా సార్?" అన్నాను.

ఆయన భార్యను, నీడకు పో, వస్తా అని పంపించాడు. "నా ఒరిజినల్స్ వాళ్ళ దగ్గర ఉండె తల్లీ. పిల్లోళ్ళను తెస్తే గానీ వదలమన్నారు. నాకూ ఇల్లూ సంసారం ఉండాయి కదా. ఏం జేయల్ల చెప్పు?"

"మావి ఆడ పెట్టి మీవి ఇడిపించుకుంటిరి."

ఆయన ప్రసాదం పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంది. నోట్లో వేసుకోనూ లేడు, పారేయనూ లేడు. ఆ క్షణంలో ఆయన మీద జాలి కలిగింది నాకు, అది కూడా చెప్పాలి. ఆయనను కట్టేసిన వాళ్ళు వేరే ఉన్నారు. కానీ కట్టు విప్పుకోవడానికి ఆయనకు దొరికింది మేమే.

"నువ్వు తెలివిగల్లదానివి. యాడున్నా బతుకుతావు" అన్నాడు.

"గోనెగండ్ల పిల్ల సార్?"

"ఏ పిల్ల?" అన్నాడు.

నటించలేదు. నిజంగానే గుర్తులేదు. నుదురు చిట్లించి, గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు కూడా. ఆ ప్రయత్నం చూశాక నాకు ఆయనతో మాట్లాడాల్సింది ఏమీ మిగల్లేదు. కలిగిన జాలి కూడా అక్కడే పోయింది.

బస్సులో నాయిన, "పోనీలే పాపా. వాన సంగతి సెప్పినోడు కదా" అన్నాడు. నాయినకు కోపం రాలేదు. అందుకు నాయిన మీద కూడా కోపం వచ్చింది నాకు. ముఖం తిప్పుకుని కిటికీ వైపు కూర్చున్నాను.

ఆ వచ్చే ఆదివారమే గోనెగండ్లకు పోయాను. ఏం చెప్పాలో బస్సులో ఎన్నో విధాలుగా అనుకున్నాను. ఆ పిల్ల నాయిన వాకిట్లో కూర్చుని గొడ్డలికి కామ కర్ర సరిచేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. నాకు ఏమీ తెలియదని, సార్ నన్నూ మోసం చేశాడని గబగబా చెప్పేశాను. ఆయన తల ఎత్తలేదు.

"ఆ సారు మాట మేం నమ్మలేదమ్మా" అన్నాడు. "అట్లాంటోళ్ళు శానామంది వస్తారు. నువ్వు మాలాంటి బిడ్డవని ఇచ్చినాం."

పోదామని వెనక్కి తిరిగాను. అప్పుడు ఆ పిల్ల లోపలి నుంచి వచ్చింది. చేతులకు కలుపు మట్టి ఇంకా పోలేదు. నా ముఖంలోకి సూటిగా చూసింది.

"నీకు నిజంగా తెలీదా అక్కా?"

"తెలీదు."

"తెలీకుండానే అంత బాగా సెప్తివా?"

అవునని తల ఊపాను. అది పొయ్యి దగ్గరికి పోయి చల్లారిన బొగ్గుముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "వాన సంగతి సేరినాక సెప్తానంటివి. సేరినా కదా. సెప్పు."

అదే బండ. నేను పోయిన ఎండాకాలం గీసింది ఎప్పుడో కడిగేశారు. కూర్చుని గీయబోయాను. ఈసారి ఆఫ్రికా దగ్గర మొదలుపెట్టకూడదని పంతం పట్టాను. మన దేశం దగ్గర మొదలుపెడితే పైన ఆసియా ఇరుకైపోయింది. అరచేత్తో చెరిపాను. అమెరికా దగ్గర మొదలుపెడితే సముద్రానికి చోటే మిగల్లేదు. మళ్ళీ చెరిపాను. బండంతా నల్లగా అయిపోయింది. చివరికి బొగ్గును పడుకోబెట్టి పట్టుకుని ఆఫ్రికా పొట్ట గీశాను. అంతే, మిగతా ప్రపంచం దానంతట అదే వచ్చేసింది, ఆయన చేతిలో నుంచి వచ్చినట్టే.

పడమటి కనుమలు గీశాను. సముద్రం మీది గాలిని గీశాను. ఆ పిల్ల నాయిన కూడా గొడ్డలి పక్కన పెట్టి వచ్చి వంగి చూశాడు. చెప్పడం మొదలుపెట్టాను. "చూడప్పా, ఇంత ప్రపంచం ఉంది" అన్నాను. ఆ మాట నాది కాదు. ఆ గొంతు, ఆ నెమ్మది, ఎదుటివాళ్ళ ముఖంలోకి చూసే ఆ చూపు, ఏదీ నాది కాదు. నాకు వచ్చిన జాగ్రఫీ అంతా ఆయన గొంతులోనే ఉంది. అది తీసి పారేస్తే నా దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదు. బొగ్గును కొండల మీదే ఆపేశాను.

వాళ్ళిద్దరూ ఎదురుచూస్తున్నారు.

"ఆగిపోతివేమక్కా?" అంది ఆ పిల్ల. "సెప్పు."